ఆరు పడితే భూతం!
ఊహల సొరంగంలో ఆలస్యానికి మూల్యం

నిర్వాహకుని గుప్పిట్లో పాచిక గలగలలాడుతుంది. బల్ల చుట్టూ కూర్చున్నవారు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆరు పడిందో, చీకటి మలుపులో ఏదో ఎదురైనట్లే. అది పందికొక్కుల గుంపు కావచ్చు, దారిదోపిడీ ముఠా కావచ్చు. ఏది వస్తుందో ఆటగాళ్లకే కాదు, ఆట నడిపేవానికి కూడా ముందుగా తెలియదు.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెలువడింది. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులే.

మన వైకుంఠపాళిలో పాచిక చెప్పినన్ని గళ్లు పావు నడుస్తుంది. ఈ ఆట తీరు వేరు. ఒకరు నిర్వాహకుడు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తివీరుడు, మరొకరు మంత్రగాడు. 'తలుపు తీస్తాను', 'గోడ తడిమి చూస్తాను' అని నోటితో చెబుతారు. తరువాత ఏం జరిగిందో నిర్వాహకుడు చెబుతాడు. పోరులో పాత్ర చనిపోతే, నెలల తరబడి పెంచుకున్న వీరుడు చేజారినట్లే. అందుకే ఆ ఒక్క పాచికంటే అంత గుబులు.

గంటకు ఆరు గండాలు

సొరంగంలో కాలాన్ని పది నిమిషాల చొప్పున లెక్కిస్తారు. 1974 నాటి నిబంధన ప్రకారం ప్రతి పది నిమిషాలకు ఒకసారి పాచిక వేయాలి. 6 పడితే తిరుగాడే భూతం వచ్చినట్లు. గంటలో ఆరుసార్లు వేస్తే కనీసం ఒక్కసారైనా ఆరు పడే అవకాశం నూటికి 66 పాళ్లు. టామ్ మోల్డ్‌వే సవరించిన 1981 నాటి ప్రారంభ పుస్తకం ఈ గండాన్ని కొంత తగ్గించింది. ఇరవై నిమిషాలకు ఒకసారి పాచిక వేస్తే చాలు, 1 పడితేనే భూతం. అప్పుడు గంటకు ప్రమాదం నూటికి 42 పాళ్లు.

ఇదంతా ఆటగాళ్లను ఏడిపించడానికి కాదు. ఆ ఆటలో పాత్ర ఎదుగుదలకు ముఖ్యమైనది నిధి. బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో పాయింటు. భూతాన్ని చంపితే వచ్చేది స్వల్పం. పైగా దాని నిధి గూట్లో ఉంటుందే తప్ప వెంట తిరగదు. అంటే దారిలో కలబడటం దండగమారి పని. కాగడా కూడా గంటసేపే వెలుగుతుంది. ఈ భయమే లేకపోతే ఆటగాళ్లు ప్రతి గోడనూ తట్టి చూస్తూ కూర్చుంటారు. పాచిక ఉన్నందువల్లనే 'వెతుకుదామా, వెళ్లిపోదామా' అన్న ప్రశ్నకు బరువు వచ్చింది.

కలిసినదల్లా కరవదు

ఎదురైన ప్రతిదీ మీదపడుతుందనుకోవడం పొరపాటు. 1981 పుస్తకం ప్రకారం దాని మనసు తెలుసుకోవడానికి రెండు పాచికలు వేస్తారు. మొత్తం 2 వస్తేనే వెంటనే దాడి. అది 36 పర్యాయాలలో ఒకసారి మాట. 3 నుంచి 5 వరకు పగ, 6 నుంచి 8 వరకు ఎటూ తేలని స్థితి. 9 నుంచి 11 వస్తే వెళ్లిపోతుంది, లేదా బేరానికి వస్తుంది. 12 వస్తే స్నేహమే. ఆకలిగొన్న గోబ్లిన్లకు నాలుగు రొట్టెలు పడేసి దారి అడగవచ్చు. ఈ రెండో పాచికల సంగతి మరచిన చోటనే ఆట వరుస కొట్లాటగా మారి విసుగు పుట్టిస్తుంది.

నిర్వాహకుని ధర్మం

చిక్కు మరొకటి ఉన్నది. జాగ్రత్తగా ఆడుతున్న జట్టు గమ్యం చేరబోతుండగా పాచిక అడ్డం తిరిగితే? అటువంటప్పుడు ఆ భూతాన్ని వదిలివేయవచ్చునని గైగాక్స్ 1979లో నిర్వాహకుల కోసం రాసిన పుస్తకంలోనే వెసులుబాటు ఇచ్చాడు. అయితే మాటిమాటికీ వదిలేస్తే పాచికకు విలువ ఉండదు. ఆటగాళ్లు అది పసిగట్టారంటే, ఆ తరువాత గెలిచినా గెలుపు రుచించదు.

దీనికి విరుగుడు ముందస్తు తయారీలో ఉన్నది. ఆ సొరంగంలో ఎవరు నివసిస్తారు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంటారు అన్నది ముందే రాసుకోవాలి. అన్ని అంకెలకూ భూతాలనే పెట్టకుండా కొన్నింటికి అడుగుల జాడ, దూరాన చప్పుడు, ఆరిన నెగడు వంటివి పెట్టాలి. అప్పుడు తప్పుకోవడానికి, దాక్కోవడానికి ఆటగాళ్లకు వ్యవధి దొరుకుతుంది. ఆపైన పాచికను అందరి ఎదుటా వేయాలి.

గైగాక్స్ 2008లో, ఆర్నెసన్ 2009లో కన్నుమూశారు. వారి ఆట మాత్రం నేటికీ సాగుతున్నది. హెచ్చరిక విని కూడా ముందుకు వెళ్లి వీరుడు కూలితే ఆటగాడు బాధపడతాడే గానీ అన్యాయమని అనడు. చప్పుడైనా లేకుండా పాచిక ప్రాణం తీస్తే మాత్రం, మర్నాడు ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.