మణికట్టు మీద నిద్ర లెక్క

నిద్రను కొలవడానికి వైద్యశాస్త్రం ప్రామాణికంగా అంగీకరించిన పద్ధతి పాలీసోమ్నోగ్రఫీ. తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, మెదడులోని విద్యుత్ తరంగాలను, కనుగుడ్ల కదలికను, గడ్డం కింది కండరాల బిగువును, శ్వాసను, రక్తంలోని ఆక్సిజన్‌ను రాత్రంతా ఏకకాలంలో నమోదు చేసే ఈ పరీక్ష వల్లనే గాఢనిద్ర ఏది, మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే రెమ్ నిద్ర ఏది అన్నది నమ్మకంగా తేల్చగలుగుతున్నారు. అయితే పరాయి పడక మీద, తీగల నడుమ గడిపిన ఒకటి రెండు రాత్రులను బట్టి ఒక మనిషి తన ఇంట్లో ఏడాది పొడవునా ఎలా నిద్రపోతాడో చెప్పడం సాధ్యం కాదు. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర చెదరడం ఈ రంగంలో అందరూ ఎరిగిన సంగతే.

ఈ లోటును పూరించడానికి 1970ల నుంచి రూపుదిద్దుకున్న పద్ధతి యాక్టిగ్రఫీ. మణికట్టుకు కట్టిన చిన్న పరికరంలోని యాక్సెలరోమీటర్, అంటే కదలికలోని వేగపు మార్పును పసిగట్టే సాధనం, చేయి ఎప్పుడు ఎంత కదిలిందో నమోదు చేస్తుంది. ఆ అంకెలను బట్టి ఏ నిమిషం నిద్ర, ఏ నిమిషం మెలకువ అన్నది గణితసూత్రాలు నిర్ణయిస్తాయి. వాటిలో 1992లో వెలువడిన కోల్-క్రిప్కే సూత్రం నేటికీ వాడుకలో ఉంది. పద్ధతిలోని బలహీనత కూడా ఇక్కడే ఉంది: నిద్ర పట్టక, అలాగని దొర్లకుండా, కదలక మెదలక పడుకున్న మనిషిని ఇది నిద్రపోతున్నట్టే లెక్కిస్తుంది. నేటి స్మార్ట్‌వాచ్‌లు చర్మంలోకి ఆకుపచ్చని కాంతిని పంపి, తిరిగి వచ్చే వెలుగులోని హెచ్చుతగ్గుల నుంచి గుండె లయను గ్రహించి, కదలికతో పాటు దాన్నీ లెక్కలోకి తీసుకుంటున్నాయి. అయినా ఆ గడియారం మెదడును చూడటం లేదు కనుక, ఉదయం తెరపై కనిపించే గాఢనిద్ర నిమిషాలు కొలత కావు, అంచనా మాత్రమే. ఆ అంకె తగ్గిందన్న బెంగతోనే నిద్ర పాడుచేసుకునేవారు ఉన్నారు; వైద్యులు 2017లో ఈ పరిస్థితికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

నిద్ర వేళను నిర్ణయించే జీవగడియారాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. మెదడులోని హైపోథాలమస్‌లో సుమారు 20,000 నాడీకణాల గుంపు ఒకటి శరీరానికి దాదాపు ఒక రోజు నిడివి గల లయను, అంటే సర్కేడియన్ లయను, సమకూరుస్తుంది. ఆ నిడివి మనుషుల్లో సగటున 24 గంటల 11 నిమిషాలని 1999లో చార్లెస్ సైస్లర్ బృందం లెక్కగట్టింది. 24 గంటలకు మించిన ఆ కాస్త తేడాను ప్రతిరోజూ సరిదిద్దేది ప్రధానంగా కంటిలో పడే వెలుగే. గడియారం ఏ వేళలో ఉందో కచ్చితంగా తెలియాలంటే మసక వెలుతురులో కూర్చోబెట్టి, సాయంత్రం నుంచి పలుమార్లు లాలాజలం సేకరించి, అందులో మెలటోనిన్ హార్మోన్ పెరగడం ఎప్పుడు మొదలైందో చూడాలి. ఇది వారాల తరబడి చేయగలిగే పని కాదు. మణికట్టు పరికరం మాత్రం చర్మపు ఉష్ణోగ్రతనూ, గుండె వేగాన్నీ, విశ్రాంతి వేళల్నీ ఎడతెగకుండా నమోదు చేస్తుంది. నిద్రకు ముందు శరీరం చేతులు, పాదాల గుండా వేడిని బయటికి వదులుతుంది కనుక లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుండగా మణికట్టు వెచ్చబడుతుంది. కానీ కప్పుకున్న దుప్పటి, తాగిన కాఫీ, చేసిన వ్యాయామం కూడా ఈ కొలతలను మారుస్తాయి కాబట్టి వాటిని వడకట్టి అసలు లయను వెలికితీయడమే ఇప్పటి పరిశోధనలో చిక్కైన భాగం. వెలుగును కొలిచే సెన్సర్‌దైతే మరీ విచిత్రమైన ఇబ్బంది: పొడుగు చేతుల చొక్కా తొడిగితే దానికి పట్టపగలే చీకటి పడుతుంది.

ఇన్ని లోపాలున్నా ఈ పరికరం విలువ దాన్ని ఎంతమంది, ఎన్ని రోజులు ధరించగలరన్న దానిలో ఉంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ 2013-15 మధ్య దాదాపు లక్షమందికి వారం రోజుల పాటు వీటిని కట్టించింది. వారిలో సుమారు 61,000 మంది వివరాలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం, మరణ ప్రమాదాన్ని ఊహించడంలో ఎన్ని గంటలు నిద్రపోయారన్న దానికంటే రోజూ ఒకే వేళకు పడుకుని లేస్తున్నారా అన్నదే బలమైన సూచిక అని తేల్చింది. అనారోగ్యమే నిద్రవేళలను అస్తవ్యస్తం చేసి ఉండవచ్చన్న సందేహం మాత్రం ఇటువంటి అధ్యయనాలను వదలదు.

అంతకంటే ఆలోచింపజేసే ఫలితం చెన్నైలో దొరికింది. అక్కడ 452 మంది అల్పాదాయ వర్గాల వారికి నెల రోజుల పాటు డేటా ఎంట్రీ పని ఇచ్చి, వారి మణికట్లకు యాక్టిగ్రాఫ్‌లు కట్టి అర్థశాస్త్రవేత్తలు జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. వారు రాత్రి 8 గంటలు పడక మీదే ఉన్నా, పదేపదే మెలకువ వస్తుండటంతో నిద్ర 5.5 గంటలకు మించలేదు. పరుపులు, ఫ్యాన్లు, కళ్లగంతలు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గుల వంటివి సమకూర్చి, సలహాలూ ప్రోత్సాహమూ ఇస్తే నిద్ర రాత్రికి 27 నిమిషాలు పెరిగింది. అయితే నిపుణుల అంచనాలకు విరుద్ధంగా పనిలోగాని, ఆలోచనాశక్తిలోగాని, మనఃస్థితిలోగాని మెరుగుదల కనిపించలేదు. మధ్యాహ్నం పనిచోటనే కాసేపు కునుకు తీయనిచ్చినప్పుడు మాత్రం పని సామర్థ్యం, మానసిక స్థితి రెండూ మెరుగుపడ్డాయి, పనిచేసే సమయం తగ్గినప్పటికీ. రాత్రి అదనంగా దక్కిన నిద్ర కూడా ముక్కలు ముక్కలుగానే సాగడం ఈ తేడాకు ఒక కారణం కావచ్చు. ఆ మెలకువలను యాక్టిగ్రాఫ్ లెక్కపెట్టగలదు గాని, వాటికి కారణం ఉక్కపోతా, దోమలా, వీధిలోని రొదా అన్నది తెలుసుకోవాలంటే పరిశోధకులు ఆ ఇళ్లకు వెళ్లి చూడవలసిందే.