అత్యవసర విభాగములో ఆగ్రహము

రైలు టిక్కెట్ల కిటికీ వద్ద చెల్లు నియమము ఆసుపత్రి అత్యవసర విభాగములో చెల్లదు. అచ్చట ముందు వచ్చినవానిని ముందు చూడరు. నర్సు ప్రతి రోగిని పరీక్షించి ప్రమాదము ఎంతటిదో నిర్ణయించును. 1990వ దశకములో బ్రిటనులో వాడుకకు వచ్చిన మాంచెస్టరు పద్ధతిలో ఇందుకు అయిదు రంగులు కలవు. ఎరుపు గుర్తు పడిన రోగిని తక్షణమే చూడవలెను. నారింజ రంగునకు 10 నిమిషములు, పసుపునకు 60, ఆకుపచ్చకు 120, నీలమునకు 240 నిమిషముల వరకు ఆగవచ్చును. కాలు బెణికినవాడు గంటన్నరగా కూర్చుండగా, అప్పుడే వచ్చిన గుండెనొప్పి రోగి తిన్నగా లోనికి పోవును. ఇది న్యాయమే. కాని బయట కూర్చున్నవానికి అది పక్షపాతముగా తోచును. దానికి నొప్పి, భయము, నిద్రలేమి తోడగును. నోటి మాట చేతివరకు వచ్చుటకు ఎంతో సేపు పట్టదు.

బ్రిటను ఆరోగ్యశాఖ కోరగా డిజైన్ కౌన్సిల్ అను సంస్థ 2011లో ఈ సమస్యను చేపట్టెను. లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలోను, సౌతాంప్టను ఆసుపత్రిలోను గోడలకు నిలువు పలకలు అమర్చిరి. మీరిప్పుడు ఎచ్చట ఉన్నారు, ఇచ్చట ఏమి జరుగును, తరువాత ఏమి, అనునదే వానిపై వ్రాత. 2013లో ప్రకటించిన ఫలితములను బట్టి బెదిరింపు చేష్టలు, దురుసు ప్రవర్తన సగమునకు తగ్గినవి. ఖర్చు చేసిన ప్రతి పౌనుకు మూడు పౌన్ల ప్రయోజనము కలిగినదని లెక్క తేల్చిరి. గోడమీది నాలుగు మాటలకు ఇది గొప్ప ఫలితమే!

మరి పలకను చదువలేని స్థితిలో ఉన్నవాని మాట ఏమి? మెదడునకు గ్లూకోజు ముఖ్యమైన ఇంధనము. ఇన్సులిను తీసికొని భోజనము మానిన మధుమేహ రోగి రక్తములో గ్లూకోజు డెసిలీటరునకు 54 మిల్లీగ్రాముల దిగువకు పడినచో, అతడు చెమటలు పట్టి, తికమకపడి, ఒక్కొక్కప్పుడు తిరుగబడును. చూచువారు త్రాగి వచ్చినాడనుకొందురు. ప్రాణవాయువు తగ్గినను, తలకు దెబ్బ తగిలినను, త్రాగుడునకు అలవాటుపడినవాడు హఠాత్తుగా మానినను ఇట్లే జరుగవచ్చును. అందుచేత అల్లరి చేయు రోగిని పోకిరి యని త్రోసివేయక, మొదట వ్రేలినుండి ఒక్క బొట్టు రక్తము తీసి పరీక్షింతురు. గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషములలోనే అతడు తేరుకొని, ఏమి జరిగినదని అడుగుట కద్దు.

రెచ్చిపోయిన మనిషికి రెండు చేతుల పొడవు దూరములో నిలిచి, ఒక్కరే, చిన్న చిన్న మాటలతో మాట్లాడవలెను. అతని దారికి అడ్డు నిలువరాదు.

ఇన్ని చేసినను ప్రమాదము పూర్తిగా తొలగదు. 2023 మే 10న కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో, గాయమునకు కట్టు కట్టించుటకు పోలీసులు తెచ్చిన వ్యక్తి కత్తెర అందుకొని ఒక యువ వైద్యురాలిని పొడిచి చంపెను. ఆ నెలలోనే కేరళ ప్రభుత్వము చట్టమును కఠినము చేసెను. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చేసిన చట్టము ప్రకారము వైద్య సిబ్బందిపై దాడికి మూడేండ్ల వరకు ఖైదు, 50,000 రూపాయల వరకు జుర్మానా కలదు. శిక్ష దెబ్బ తగిలిన తరువాతి మాట. కట్టు కట్టు గదిలో కత్తెరలు చేతికందునట్లు ఉంచకుండుట, సిబ్బంది బయటపడుటకు రెండవ తలుపు పెట్టుట దానికి ముందే చేయదగిన పనులు.