చెట్ల కింద బువ్వ: మన తోటలోనే ఎందుకు పెట్టొద్దు?



దసరా సెలవుల్లో ఇంటిల్లిపాది కరీంనగర్ పోయినం. మానేరు డ్యామ్ చూసి, తోటలో పెట్టిన ఒక రెస్టారెంట్‌లో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. చల్లటి నీడ, తొందర లేని తిండి. రెండు గంటలు ఎట్ల గడిచాయో తెలియలేదు.

కానీ రైతు కళ్ళు ఊరుకోవు కదా! అంత తోటలో ఒక్క కరివేపాకు చెట్టు లేదు, మునగ లేదు. అన్నీ షో మొక్కలే. పాలకూర ఎక్కడిదని అడిగితే "మార్కెట్ నుంచే సార్" అన్నడు వడ్డించే తమ్ముడు. బిల్లు చూసి మా అమ్మ అన్నది: "చెట్ల కింద కూసొని తినుడుకు గిన్ని పైసలా బిడ్డా? మనం చెట్ల తీర్థం పోతలేమా?"

నిజమే. మన దిక్కు చెట్ల తీర్థం, కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం పాత అలవాట్లే. పక్కనున్న మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక పాలసీ కూడా తెచ్చింది.

అందుకే కార్తీకంలో ఒక ఆదివారం మా మామిడి తోటలో చేసి చూసినం. మా బియ్యం కొనే 5 కుటుంబాలు, 20 మంది. మనిషికి 250 రూపాయలు. జొన్న రొట్టె, గంగవాయిల కూర పప్పు, పచ్చిపులుసు, నాటుకోడి కూర, తెలంగాణ సోనా అన్నం, చల్ల.

లెక్క దాచను. వచ్చింది 5,000. కోళ్ళకు 2,400, సరుకులకు 900, వంట చేసిన ఇద్దరు అక్కలకు 1,200, విస్తరాకులు, కట్టెలు, నీళ్ళకు 300. మిగిలింది 200. మా బియ్యానికి, కూరగాయలకు ధర కడితే నష్టమే.

అయితే తిన్నాక అందరూ పొలం తిరిగారు. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము మూత తీసి చూపించిన. పిల్లలు కర్ర పట్టి కలిపారు. పోయేటప్పుడు 4 కుటుంబాలు 25 కిలోల బస్తాలు రెండేసి తీసుకున్నాయి. అంటే 200 కిలోల బియ్యం దళారి లేకుండా అమ్ముడుపోయింది. భోజనం లాభం కోసం కాదు, నమ్మకం కోసం అని అప్పుడు అర్థమైంది.

ఒక పెద్ద తప్పు చేసిన. తోటలో టాయిలెట్ లేదు. ఆడవాళ్ళు ఇబ్బందిపడి మూడింటికే బయలుదేరారు. ఇప్పుడు ముందు అదే కట్టిస్తున్న.

మీరు చేయాలనుకుంటే:

• టాయిలెట్, చేతులు కడుక్కునే చోటు ముందు. గుడిసెలు, ఊయలలు తర్వాత.

• అమ్మకంగా చేసేవారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

• 'మేం పండించినవి', 'కొన్నవి' అని రెండు వరుసల్లో బోర్డు రాయండి. మా నూనె, చింతపండు కొన్నవే. అదే రాసినం. పీజీఎస్‌లో ఇంకా 'గ్రీన్' దశలో ఉంటే 'ఆర్గానిక్' అని రాయొద్దు.

• మామిడి పూత మీదున్నప్పుడు జనాన్ని చెట్ల కిందికి రానీయకండి. గట్టు మీది వేప, చింత నీడ చాలు. మన ఎండల్లో ఏప్రిల్, మే అసలే వద్దు.

వీడియోలో వంటతో పాటు లెక్కల పుస్తకం కూడా చూపించిన. చూసి, మీ తోటకు ఏది కుదురుతదో మీరే తేల్చుకోండి.