పాటలు కాపీ చేస్తుంటే డిస్క్ ఎందుకు నెమ్మదిస్తుంది?

పిల్లలూ! మీ ఇంట్లో పాత హార్డ్ డిస్క్ ఒకటి ఉండే ఉంటుంది. అందులో అమ్మానాన్నలు దాచుకున్న సినిమా పాటలు, తాతయ్య పాడి పంపిన పద్యాలు ఉండొచ్చు. వాటిని మీరు కంప్యూటర్‌లోకి కాపీ చేస్తున్నారనుకోండి. మొదట "ఇంకా రెండు నిమిషాలు" అని చూపించింది. కాసేపటికి "ఇంకా ఇరవై నిమిషాలు" అంటోంది! డిస్క్ పాడైపోయిందా? కంగారుపడి వైరు పీకకండి. ముందు ఒక సంగతి చూడండి: మ్యూజిక్ ప్లేయర్ కూడా తెరిచి ఉందా?

ప్లేయర్ ఏం వెతుకుతోంది?

ఎంపీ3 ఫైల్‌లో పాట ఒక్కటే ఉండదు. పాట పేరు, పాడినవాళ్ళ పేరు, సినిమా పేరు, ఒక్కోసారి చిన్న బొమ్మ కూడా ఉంటాయి. వీటిని ట్యాగ్ అంటారు. ఇది సాధారణంగా ఫైల్ మొదట్లో ఉంటుంది. కొన్ని పాత ఫైళ్ళలో చివరి 128 బైట్లలో ఉంటుంది. మీరు ఆ డిస్క్‌లోని పాటల ఫోల్డర్‌ని ప్లేయర్‌కి చూపించి ఉంటే, అది ఒక్కో ఫైల్ తెరిచి ట్యాగ్ చదివి జాబితా రాసుకుంటుంది. దీన్నే స్కానింగ్ అంటారు.

డిస్క్ లోపల ఏం జరుగుతోంది?

హార్డ్ డిస్క్‌లో గుండ్రటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద సమాచారం చదివే హెడ్ అటూ ఇటూ కదులుతుంది. అది ఒక సమయంలో ఒక్క చోటే చదవగలదు.

పెళ్ళిలో బంతి భోజనం చూశారా? వడ్డించే ఆయన ఈ చివర మొదలుపెట్టి, ఆ చివరిదాకా ఏకబిగిన పులిహోర వడ్డించుకుంటూ వెళ్ళిపోతాడు. కానీ రెండు విస్తళ్ళకోసారి అటునుంచి ఎవరో "బాబూ, ఇటు కాస్త నెయ్యి!" అని పిలిస్తే? ఆయన అక్కడికి పరిగెత్తాలి, మళ్ళీ వెనక్కి రావాలి. వడ్డించే సమయం కంటే తిరిగే సమయమే ఎక్కువవుతుంది. హెడ్ పరిస్థితీ ఇదే. కాపీ పని పులిహోర, స్కానింగ్ నెయ్యి!

ఒక లెక్క వేద్దాం

సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతి చదవడానికి సుమారు 13 మిల్లీసెకన్లు పడుతుంది. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ సెకనుకు 100 మెగాబైట్లు చదివే డిస్క్, గెంతకుండా ఉంటే ఆ సమయంలో 1.3 మెగాబైట్లు చదివేసేది. మామూలు ఎంపీ3లో అది నిమిషం పైగా పాట! అలాంటి గెంతులు వేలకొద్దీ ఉంటే కాపీ నెమ్మదించక ఏం చేస్తుంది?

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళేలు, కదిలే హెడ్ ఉండవు. అందుకే అందులో ఈ తేడా అంతగా తెలియదు.

మరి మనం ఏం చేయాలి?

1. ప్లేయర్‌ని పూర్తిగా మూసేయండి. తెర మీద కనిపించకపోయినా అది వెనక పనిచేస్తూ ఉండొచ్చు.
2. ముందు కాపీ, తర్వాత స్కానింగ్. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే రెండూ త్వరగా అయిపోతాయి.
3. "కట్" వద్దు, "కాపీ" చేయండి. పాత డిస్క్‌లో పాటలు అలాగే ఉంటాయి.
4. మధ్యలో వైరు పీకకండి. సగం రాసిన ఫైల్ పనికిరాదు.
5. ప్లేయర్ మూసినా నెమ్మదిగానే ఉంటే, లేదా డిస్క్ టక్‌టక్‌మని గట్టిగా చప్పుడు చేస్తుంటే వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి.

సినిమా పాట పోతే మళ్ళీ దొరుకుతుంది. తాతయ్య గొంతు ఆ డిస్క్‌లో మాత్రమే ఉంటే, మళ్ళీ ఎక్కడా దొరకదు. అందుకే మనవాళ్ళు అంటారు: నిదానమే ప్రధానం.

కొత్త మాటలు

ఏకబిగిన: మధ్యలో ఆపకుండా
విస్తరి: భోజనానికి వేసే ఆకు (చాలా ఉంటే విస్తళ్ళు)
బంతి: భోజనానికి కూర్చున్నవాళ్ళ వరస. ఆడుకునే బంతి వేరు!
నిదానం: తొందరపడకపోవడం

ఆలోచించి చెప్పండి

1. బంతి భోజనం పోలికలో వడ్డించే ఆయన డిస్క్‌లోని ఏ భాగం లాంటివాడు?
2. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌కి ఒక్క చుట్టుకి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది?
3. మీ ఇంట్లో ఒకే ఒక్క చోట ఉన్న పాట, ఫొటో లేదా వీడియో ఏది? ఇంట్లోవాళ్ళని అడిగి మూడు వాక్యాలు రాయండి.