ఉద్దెర ఖాతా



ఇవాళ మీతో ఒక పుస్తకం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నవలా కాదు, వంటల పుస్తకమూ కాదు. గల్లీ చివర కిరాణం దుకాణంలో, గల్లాపెట్టె పక్కన ఉండే ఉద్దెర ఖాతా పుస్తకం! అందులో పేరెక్కని గృహిణులు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు సిద్దిపేటలో మా ఇంటిని ఆదుకున్నది ఆ చిన్న దుకాణమే. "పైసలకేం తొందరమ్మా, తర్వాత ఇద్దురుగాని" అంటూ పప్పు, నూనె ఇచ్చాడు దుకాణదారు. ఆ తర్వాత రోజులు కుదుటపడ్డాయి. నెల సామాను మాత్రం నాలుగు రూపాయలు తక్కువని పెద్ద దుకాణంలో నగదిచ్చి తెచ్చుకున్నాను. గల్లీ బాకీ "ఇద్దాంలే" అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను.

ఒకరోజు చింతపండు కోసం వెళితే అరలు సగం ఖాళీ. "సరుకు తేలేదేం?" అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఖాతా పుస్తకం వైపు ఒకసారి చూశాడు, అంతే. నాకు తల ఎత్త బుద్ధి కాలేదు.

చిన్న వ్యాపారానికి ప్రాణం డబ్బు తిరుగుతూ ఉండడమే. ఉదాహరణకు, ఒక దుకాణదారు చేతిలో 20,000 రూపాయలు ఉన్నాయనుకోండి. దాంతో సరుకు తేవాలి, అమ్మాలి, మళ్ళీ తేవాలి. 20 ఇళ్ళవాళ్ళు తలా 500 బాకీ పెడితే 10,000 ఆగిపోయినట్లే. అంటే సగం దుకాణం మన వంటిళ్ళలో ఉన్నదన్నమాట! ఇక ఆయన వడ్డీకి తేవాలి, లేదా అరలు ఖాళీగా ఉంచాలి.

మగ్గం సంగతీ ఇంతే. మన సిద్దిపేట గొల్లభామ చీర చూశారు కదా. నెత్తిన కుండతో నడిచే ఆ భామ అద్దిన బొమ్మ కాదు, కుట్టిన బొమ్మా కాదు. పడుగులో అదనంగా పేక పోగులు చేర్చి, నేతలోనే తీర్చిన బొమ్మ. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నూలుకూ, రంగుకూ, పడుగు తయారీకీ ఖర్చు ముందే పెట్టాలి. చీర అమ్ముడుపోయాకే ఆ డబ్బు తిరిగి వచ్చేది. 2020లో పెళ్ళిళ్ళు వాయిదా పడి, దుకాణాలు మూతపడి, నేసిన చీరలు నేసినచోటే ఉండిపోయాయి. చీర కదలకపోతే కొత్త నూలు రాదు, నూలు రాకపోతే మగ్గం ఆడదు.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ గుర్తుగా 2015 నుంచి ఆ తేదీన జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ ఒక్కరోజు నేత చీర కట్టి, మిగతా రోజుల్లో నేతగాడి దగ్గర గీచి గీచి బేరమాడితే ఏం లాభం?

"మా ఇంట్లోనూ కష్టకాలమే కదమ్మా" అంటారేమో. నిజమే. ఎక్కువ ఖర్చు పెట్టమనడం లేదు. పెట్టే ఖర్చునే కాస్త సర్దుకుందాం. పాత బాకీ ఒక్కసారి తీర్చలేకపోతే విడతలుగా తీరుద్దాం. నగదు ఉన్న రోజు ముందు చిన్న దుకాణానికి ఇద్దాం. కొనే చీరల్లో ఒకటి నేత చీర కొందాం, మరమగ్గం బట్టను చూసి మోసపోకుండా చేనేత ముద్ర ఉందో లేదో అడుగుదాం. సరుకు బాగా లేకపోతే మాత్రం మొహమాటపడకుండా చెబుదాం. దిద్దుకునే అవకాశం ఇవ్వడం కూడా సాయమే.

నా బాకీ రెండు విడతల్లో తీర్చాను. తర్వాత వెళ్ళేసరికి అరలోకి చింతపండు వచ్చింది. ఆవేళ చేసిన పులిహోర మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అసలు రహస్యం నాకొక్కదానికే తెలుసు!

ఈ సాయంత్రం వీలు చేసుకుని ఆ పుస్తకంలో మీ పేరు ఎదురుగా ఎంత ఉందో ఒక్కసారి అడిగి చూడండి. సెలవు.