చెరకు రసమునకు విద్యుత్పరీక్ష



నరికిన చెరకు గానుగకు ఆలస్యముగా చేరినచో చక్కెర తగ్గునని మీరెరుగుదురు. గడ పైకి అట్లే యుండును. రసము తీయగానే యుండును. మరి పోయినదేమి? దానిని విద్యుచ్ఛక్తిచే వేరుపరచి చూపు విధానమొకటి కలదు.

చెరకు చక్కెర రెండు చిన్న చక్కెరల జోడు. అందొకటి గ్లూకోజు, రెండవది ఫ్రక్టోజు. నరికిన గడ ఎండలో నిలిచినకొలది, గడలోని సహజ ద్రవ్యములును, కోతలగుండ చొచ్చు సూక్ష్మజీవులును ఆ జోడును విడదీయును. ఈ చిన్న చక్కెరలు తీయనివే; కాని కార్ఖానాలో అవి పలుకు కట్టక మొలాసిస్‌లో కలిసిపోవును.

ఇక విద్యుచ్ఛక్తి మాట. ఉప్పు నీట కరగినపుడు ధన విద్యుత్తు గల కణములుగను, ఋణ విద్యుత్తు గల కణములుగను విడిపోవును. ఆ నీటిలో రెండు తీగెలుంచి విద్యుత్తును పంపినచో, ఒక్కొక్క జాతి కణములు తమకు ఎదురైన తీగెవైపు సాగును. ఒకేవేళ బయలుదేరిన బండ్లలో బరువు బండి వెనుకబడునట్లు, కణములు తమ పరిమాణమును, విద్యుత్తును బట్టి వేరువేరు వేగములతో నడచును. ఈ సూత్రముతో స్వీడను దేశపు టిసేలియస్ పండితుడు 1937లో రక్తపు రసిలోని మాంసకృత్తులను విడదీసి చూపెను. 1948లో నోబెల్ బహుమానమును పొందెను.

అయితే చక్కెరకు విద్యుత్తు లేదు. తీగెలెంత లాగినను అది కదలదు. దీనికి రసాయనికులు కనుగొన్న ఉపాయము మనయింటి వెలిగారమే. వెలిగారపు నీటిలో చక్కెర ఋణ విద్యుత్తును అరువు తెచ్చుకొనును. ఆ నీట తడిపిన కాగితముపై రసపు చుక్క నుంచి విద్యుత్తును పంపినచో, గ్లూకోజును ఫ్రక్టోజును ముందుకు సాగును. చెరకు చక్కెర చాల వెనుకబడును. తగిన మందు చల్లి కాచినచో మచ్చలు వేరువేరుగా కనబడును. నేడు కాగితమునకు మారుగా వెండ్రుకవంటి సన్నని రంధ్రము గల గాజుగొట్టములో, ఇరువది ముప్పది వేల వోల్టుల బలముతో, కొలది నిమిషములలోనే ఈ పరీక్ష జరుపుచున్నారు.

ఇది మనకేల యందురా? మంజీరపై నిజాంసాగరము 1931లో ముగిసినది. ఆ నీటితో బోధను సీమలో చెరకు పెరిగినది. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కార్ఖానా నెలకొన్నది. చేనుచెంతనే గానుగ యుండెను. 2015లో ఆ కార్ఖానా మూతపడినది. చెరకు దూరపు మిల్లులకు పోవలసివచ్చినది. దూరము పెరిగినకొలది జోడు విడిపోవుటకు వ్యవధి దొరకును. బండి కిరాయితోపాటు రైతు చెల్లించు కనబడని సుంకమిదియే.

విద్యుత్తు ఈ నష్టమును చూపగలదేగాని పోయిన చక్కెరను మరల తేజాలదు. కావున మిల్లువారి పిలుపును, బండిని సిద్ధపరచుకొనిన పిమ్మటనే కత్తి పట్టుడు. కోసిన గడలను నీడనుంచి చెత్తతో కప్పుడు. ఒక దినములోపల గానుగకు చేర్పుడు. గడలో కట్టిన జోడు విడిపోకుండ కాచుట మన చేతిలోని పని.