నాట్లవేళ గోరుచుట్టు

గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత సభ్యులందఱు ఎఱిగినదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో కాలువల క్రిందను, చెరువుల క్రిందను వరినాట్లు సాగునపుడు ఈ బాధ గల వ్రేళ్లను మేము తఱచుగా చూచుచుందుము.

గోటి మొదటనుండు సన్నని చర్మము సూక్ష్మజీవులకు అడ్డుగోడ వంటిది. దినమంతయు బురదనీట నానినచో అది మెత్తబడి చీలును. ముల్లు గ్రుచ్చుకొనుట, గోళ్లు కొఱుకుట, గోటి ప్రక్క తోలు పీకుట వలనను చీలును. ఆ చీలికగుండ స్టెఫిలోకాకస్ మొదలగు సూక్ష్మజీవులు చొచ్చి వాపును, సలుపును, చీమును కలిగించును. మధుమేహము గలవారికి ఇది త్వరగా ముదురును.

వాపు తొలిదశలో ఉన్నపుడు వ్రేలిని గోరువెచ్చని నీట దినమునకు 3, 4 మారులు, మారునకు 15 నిమిషములు ఉంచి, తుడిచి ఆరనీయవలెను. నిమ్మకాయ తొడిగి దినములు గడుపుటయు, ముల్లుతో పొడుచుటయు కూడదు. చీము పట్టినను, ఎఱుపు చేతిపైకి ప్రాకినను, జ్వరము వచ్చినను ఆ దినమే వైద్యుని చూడవలెను. ఉపేక్షించినచో ఎముకకు సోకవచ్చును. మధుమేహము గలవారు వాపు కనబడగనే వెళ్లవలెను.

మడినుండి వెలువడిన వెంటనే చేతులు కడిగి, తుడిచి, కొంచెము కొబ్బరినూనె రాచుకొనుడు. ఒకనాటి కూలి పోయినను మఱల సంపాదింపవచ్చును. పోయిన వ్రేలు మఱల రాదు.